రంపపు పొట్టు, చిత్తుకాగితాల బ్రికెట్లు: వేడి లెక్క, ఎండ లెక్క

నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూలు వంటి పట్టణాల శివార్లలో కట్టెకోత మిషన్ల వెనుక రంపపు పొట్టు గుట్టలుగా పేరుకుని ఉంటుంది. అందులో కొంత కోళ్ల ఫారాలలో కింద పరవడానికి పోతుంది, కొంత హోటళ్ల పొట్టు పొయ్యిలకు చేరుతుంది, మిగిలింది వానకు తడిసి నల్లబడి అక్కడే కుళ్లిపోతుంది. బడుల్లో, ఆఫీసుల్లో, కిరాణా దుకాణాల్లో పోగయ్యే చిత్తుకాగితంలో కూడా కొంత భాగాన్ని పాత సామాను కొనేవాళ్లు తీసుకోరు. ఈ రెండింటినీ నీటిలో కలిపి, అచ్చులో వత్తి, ఎండబెట్టి బ్రికెట్లుగా, అంటే పొయ్యిలో మండే దిమ్మెలుగా మార్చుకుంటే వంటచెరకు ఖర్చు తగ్గుతుందన్న ఆలోచన మంచిదే. కానీ దాని చుట్టూ అతిశయోక్తులు చాలా పెరిగాయి. ఖర్చులేని గ్యాస్ అని, చెత్త నుంచి బొగ్గు అని చెప్పే మాటలు నమ్మి మొదలుపెట్టినవాళ్లు మొదటి వానాకాలంలోనే విసిగి మానేస్తారు. బ్రికెట్ చేయడం వల్ల పొట్టులో లేని వేడి కొత్తగా పుట్టదు. ఉన్న వేడి చేతికి అనువైన రూపంలోకి వస్తుంది, అంతే. ఆ రూపం పనికొస్తుందా లేదా అన్నది వత్తే యంత్రం కన్నా ఎండబెట్టిన తీరు మీద, మండించే పొయ్యి మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ముందుగా వేడి లెక్క చూడాలి. తేమ ఏమాత్రం లేని కట్టెలో గాని, రంపపు పొట్టులో గాని కిలోకు సుమారు 4,000 నుంచి 4,500 కిలోక్యాలరీల వేడి ఉంటుంది (లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించేంత వేడి ఒక కిలోక్యాలరీ). కాగితంలో అంతకన్నా కొంచెం తక్కువ. పది శాతం తేమ మిగిలిన బ్రికెట్ కిలోకు 3,700 కిలోక్యాలరీలు ఇస్తుందని అనుకోవచ్చు. వంటగ్యాస్‌లో కిలోకు దాదాపు 10,900 కిలోక్యాలరీలు ఉంటాయి కాబట్టి 14.2 కిలోల ఇంటి సిలిండర్‌లో మొత్తం లక్షా యాభై వేలకు పైగా ఉన్నట్టు. గ్యాస్ స్టవ్ మీద అందులో 65 శాతం గిన్నెకు చేరుతుందని లెక్కవేస్తే సిలిండర్ నుంచి అందే నికరమైన వేడి సుమారు లక్ష కిలోక్యాలరీలు. మామూలు మూడు రాళ్ల పొయ్యిలో మాత్రం ఇంధనంలోని వేడిలో 10 నుంచి 15 శాతమే గిన్నెకు అందుతుంది, మిగిలినదంతా గాలిలో కలుస్తుంది. అంటే ఒక్క సిలిండర్ చేసే పనిని ఆ పొయ్యి మీద చేయాలంటే సుమారు 200 కిలోల బ్రికెట్లు కావాలి. చేతితో వత్తే బ్రికెట్ ఎండిన తరువాత ఒక్కొక్కటి 120 నుంచి 150 గ్రాములు తూగుతుంది కాబట్టి ఇది దాదాపు పదిహేను వందల బ్రికెట్ల మాట. పొయ్యి మెరుగైనదై 25 శాతం వేడిని గిన్నెకు అందించగలిగితే అదే పనికి 110 కిలోలు, అంటే ఎనిమిది వందల పైచిలుకు బ్రికెట్లు సరిపోతాయి. అచ్చును ఎంత మార్చినా ఇంత తేడా రాదు, పొయ్యిని మారిస్తే వస్తుంది.

ఈ లెక్క బ్రికెట్లు వద్దని చెప్పడానికి వేసినది కాదు, వాటి చోటు ఏదో తెలుసుకోవడానికి వేసినది. 1999లో దీపం పథకంతో, 2016లో ఉజ్వలతో గ్యాస్ కనెక్షన్లు పల్లెలకు విస్తరించాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వ మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల సిలిండర్ కూడా వచ్చింది. అయినా పాలమూరు, నల్లగొండ పల్లెల్లో గ్యాస్ ఉన్న ఎన్నో ఇళ్ల వాకిట్లో స్నానాల నీళ్లు కాచుకునే కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. అన్నం, కూర గ్యాస్ మీద, నీళ్లు, పశువుల దాణా, పెళ్లిళ్ల వంట కట్టెల మీద అన్నది అక్కడి వాడుక. బ్రికెట్ పోటీ పడవలసింది ఆ రెండో పొయ్యిలోని సర్కారు తుమ్మ కట్టెతో, పత్తి కట్టెతో, పిడకతో. ఇరవై లీటర్ల బకెట్ నీటిని ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి 400 కిలోక్యాలరీలు చాలు; మామూలు పొయ్యి మీద అయితే ముప్పావు కిలో, మంచి పొయ్యి మీద అయితే అరకిలో లోపు బ్రికెట్లతో ఆ పని అయిపోతుంది. నలుగురున్న ఇంటికి చలికాలంలో ఇది మోయగలిగిన లెక్కే.

ఇక్కడ ఒక ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. రంపపు పొట్టును కాగితంతో కలపకుండా, వత్తకుండా, నేరుగా మండించే పద్ధతి తెలుగు ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. రేకు డబ్బా అడుగున పక్కవైపు రంధ్రం పెట్టి, మధ్యలో సీసానో గుండ్రటి కర్రనో నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా దట్టించి, కర్రను మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే పొట్టు పొయ్యి తయారు. కింది రంధ్రంలో చిన్న కట్టె పెట్టి ముట్టిస్తే నడిమి గొట్టం గోడలు లోపలి నుంచి బయటికి కాలుతూ గంటల తరబడి సమంగా మంట ఇస్తాయి. శ్రమ తక్కువ, కాగితం అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. అలాంటప్పుడు బ్రికెట్లు ఎందుకు? రోజూ నాలుగైదు గంటలు పొయ్యి వెలిగే టీ కొట్టుకు, హోటల్‌కు పొట్టు పొయ్యే మేలు, అక్కడ బ్రికెట్లు చేయడం వృథా ప్రయాస. కానీ ఆ పొయ్యిని ఒకసారి ముట్టిస్తే అర్ధగంట పని కోసం మధ్యలో ఆర్పడం కష్టం, మండుతుండగా పొట్టు నింపడం కుదరదు, దట్టించడంలో కొంచెం తేడా వచ్చినా గోడ కూలి పొగ కమ్ముతుంది. పైగా విడి పొట్టు ఘనపు మీటరుకు సుమారు 200 కిలోలే తూగుతుంది కాబట్టి దాచడానికి చోటు ఎక్కువ పడుతుంది, గాలికి ఎగురుతుంది, వాన చినుకు పడితే పాడవుతుంది. బ్రికెట్లను కావలసినన్ని లెక్కపెట్టి వేయవచ్చు, మధ్యలో చేర్చవచ్చు, సంచిలో పోసి పక్క ఊరికి పంపవచ్చు. రోజుకు ఒకటి రెండుసార్లు కొద్దిసేపు మాత్రమే పొయ్యి వెలిగించే ఇంటికి ఈ సౌకర్యం శ్రమకు తగినదే.

చేతితో చేసే బ్రికెట్‌కూ ఫ్యాక్టరీలో తయారయ్యే బ్రికెట్‌కూ పేరు ఒకటే గాని గట్టిపడే సూత్రం వేరు. ఫ్యాక్టరీలో ఎండిన పొట్టును పిస్టన్ లేదా స్క్రూ ప్రెస్‌లో విపరీతమైన ఒత్తిడికి గురిచేస్తారు. రాపిడి వేడికి కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ మెత్తబడి, చల్లారాక జిగురులా రేణువులను పట్టి ఉంచుతుంది. అందుకే అక్కడ బయటి నుంచి ఏ జిగురూ కలపరు. అలా వచ్చిన దిమ్మె నీటిలో మునిగేంత బరువుగా, ఘనపు మీటరుకు 1,000 నుంచి 1,200 కిలోల సాంద్రతతో ఉంటుంది. చేతి అచ్చుకు ఆ ఒత్తిడిలో చాలా కొద్ది వంతే వస్తుంది. ఇక్కడ పట్టు ఇచ్చేది కాగితపు నార. నీటిలో నానిన కాగితం పోగులు పోగులుగా విడిపోతుంది. పొట్టు రేణువుల చుట్టూ అల్లుకున్న ఆ పోగులు నీరు ఇంకిపోతున్నకొద్దీ ఒకదానికొకటి దగ్గరై, కాగితం తయారీలో ఎలా అతుక్కుంటాయో అలాగే అతుక్కుంటాయి. కాబట్టి వత్తేటప్పుడు వేసే బలం ముఖ్యంగా నీటిని పిండడానికే. గట్టితనం ఎండేటప్పుడు వస్తుంది. ఇలా చేసిన దాని సాంద్రత 250 నుంచి 400 కిలోల మధ్యనే ఉంటుంది, అందువల్ల త్వరగా అంటుకుని త్వరగా కాలిపోతుంది. ఫ్యాక్టరీ దిమ్మెలా నిదానంగా మండాలని దీని నుంచి ఆశించకూడదు.

కాగితం విషయంలో మొదటి నియమం, అమ్ముడుపోయే కాగితాన్ని కాల్చవద్దు. శుభ్రంగా ఉన్న దినపత్రికలు, నోటుపుస్తకాలు, అట్టపెట్టెలు పాత సామాను దుకాణం ద్వారా మళ్లీ కాగితం మిల్లుకు చేరతాయి, డబ్బూ వస్తుంది. తడిసినవి, చిరిగి ముక్కలైనవి, ఆఫీసు యంత్రాలు సన్నగా కత్తిరించినవి, గుడ్ల అట్టలు మాత్రమే ఈ పనికి తీసుకోవడం సబబు. దినపత్రిక కాగితం ఒక రోజులోనే నాని విడిపోతుంది. అట్టపెట్టెల నార పొడవైనది, పట్టు బాగా ఇస్తుంది గాని నానడానికి మూడు రోజులదాకా పడుతుంది. ఆఫీసు తెల్లకాగితంలో నునుపు కోసం సున్నపురాయి పొడి కలుపుతారు కాబట్టి బూడిద ఎక్కువ మిగులుతుంది. మెరిసే పత్రికల అట్టలు, ప్లాస్టిక్ పూత ఉన్న టీ కప్పులు, పెళ్లి పత్రికల మీది రేకు అద్దకాలు, ఏటీఎం రసీదుల వంటి వేడికి నల్లబడే కాగితాలు తొట్టెలోకి రాకూడదు. సిమెంటు సంచుల కాగితం గట్టిదే గాని అందులో మిగిలిన సిమెంటు బూడిదను పెంచుతుంది.

పొట్టు ఎక్కడిదన్నది అంతకన్నా ముఖ్యం. వేప, తుమ్మ, టేకు, మామిడి దుంగలు కోసే మిషన్ నుంచి వచ్చిన పొట్టు మంచిది, కాల్చితే ఒక శాతం అటూ ఇటూగా మాత్రమే బూడిద మిగులుతుంది. ఫర్నిచర్ దుకాణాల పొట్టు అలా కాదు. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వంటి చెక్క పలకలు ఫార్మాల్డిహైడ్ జిగుర్లతో చేసినవి. సన్‌మైకా, పాలిష్, రంగు ముక్కలు కూడా వాటితో కలిసి వస్తాయి. వాటిని వాకిటి పొయ్యిలో కాల్చితే కళ్లలో, గొంతులో మంట పుట్టించే విషవాయువులు వెలువడతాయి. చెదలు పట్టకుండా మందు ఎక్కించిన కట్టె పొట్టు ఇంకా ప్రమాదకరం, కొన్ని మందులలో ఆర్సెనిక్ ఉంటుంది, అది పొగలోనూ బూడిదలోనూ మిగిలిపోతుంది. ఈ పొట్టు దొరికింది కదా అని తెచ్చుకోవడం కన్నా బ్రికెట్లు చేయకపోవడమే నయం.

తయారీ తీరు కష్టమైనది కాదు. ఎండు బరువులో ఒక వంతు కాగితానికి మూడు నుంచి నాలుగు వంతుల పొట్టు సరిపోతుంది; పొట్టు మరీ గరుకుగా, చెక్క పెళ్లలుగా ఉంటే కాగితం కొంత పెంచాలి. కాగితాన్ని ముక్కలుగా చింపి తొట్టెలో నానబెట్టి, కర్రతో బాదుతూ గంజిలా చేసి, ఆ తరువాతే పొట్టు కలపాలి. కలిపిన ముద్దను పిడికిట్లో పట్టి గట్టిగా పిండినప్పుడు నీరు వేళ్ల సందుల నుంచి కారాలి, పిడికిలి తెరిచాక ముద్ద విచ్చుకోకుండా నిలవాలి. విచ్చుకుంటే కాగితం చాలదు, ముద్ద కూడా వేళ్ల మధ్య నుంచి జారిపోతుంటే కాగితం ఎక్కువైంది. అన్నం వార్చిన గంజి ఉంటే తొట్టెలో పోయవచ్చు, పట్టు పెరుగుతుంది. మట్టి కలపమని కొందరు ఇచ్చే సలహా మాత్రం పాటించదగినది కాదు, మట్టి మండదు, కలిపినంతా బూడిదే. నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్కకు చుట్టూ చిన్న రంధ్రాలు వేస్తే అచ్చు అవుతుంది. మధ్యలో అంగుళం మందం కడ్డీ నిలబెట్టి, ముద్ద నింపి, పైన చెక్క బిళ్ల పెట్టి పొడవాటి కర్ర మీటతోనో కారు జాకీతోనో నొక్కాలి. నడుమ రంధ్రం అలంకారం కాదు. దాని వల్ల ఎండే ఉపరితలం పెరుగుతుంది, మండేటప్పుడు గాలి లోపలి నుంచి లాగబడుతుంది. పొట్టు పొయ్యిలోని నడిమి గొట్టం చేసే పనే ఇదీ చేస్తుంది. పిండగా వచ్చిన నీటిని పారబోయకుండా తరువాతి విడత నానబెట్టడానికి వాడుకోవచ్చు. బోరు నీటి కోసం వేసవిలో ఎదురుచూసే ఊళ్లలో ఈ పొదుపు చిన్నది కాదు. నానబెట్టిన తొట్టె మీద మూత ఉండాలి, నిల్వ నీటిలో దోమ పెరిగితే డెంగీ ఇంటికి వస్తుంది.

ఎండబెట్టడమే ఈ పనికి ప్రాణం. అచ్చు నుంచి తీసిన బ్రికెట్‌లో కిలో ఎండు పదార్థానికి దాదాపు రెండు కిలోల నీరు ఉంటుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 600 కిలోక్యాలరీలు కావాలి, అంటే రెండు కిలోలకు 1,200. ఆ వేడిని ఎండ ఇవ్వకపోతే పొయ్యిలో బ్రికెటే ఇచ్చుకోవాలి, తనలో ఉన్నదాంట్లో మూడో వంతుకు దగ్గరగా. పూర్తిగా తడిదాన్ని ఎవరూ పొయ్యిలో పెట్టరు గాని, పైన ఎండి లోపల పచ్చిగా ఉన్నదాన్ని చాలామంది పెడతారు. ముప్పై శాతం తేమ ఉన్న బ్రికెట్ నుంచి కిలోకు 2,700 కిలోక్యాలరీలకు మించి రావు. పది శాతం ఉన్నదానితో పోలిస్తే పావు వంతుకు పైగా నష్టం. అసలు నష్టం అంతకన్నా ఎక్కువే. కట్టెలోని పదార్థంలో డెబ్బై, ఎనభై శాతం వేడికి వాయువులుగా మారి, ఆ వాయువులు మంటగా కాలుతాయి. తేమ వల్ల పొయ్యి చల్లబడితే అవి కాలకుండానే పొగగా బయటికి పోతాయి. బ్రికెట్లు పొగచూరుతాయన్న ఫిర్యాదు వచ్చిన చోట చాలావరకు కారణం ఇదే.

ఈ విషయంలో దక్షిణ తెలంగాణకు ప్రకృతి ఇచ్చిన అనుకూలత పెద్దది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండకు, పొడిగాలికి డాబా మీదనో షాబాద్ బండల మీదనో పరచిన బ్రికెట్లు రెండో రోజు తిరగేస్తే నాలుగైదు రోజుల్లో ఎండిపోతాయి. రెండు రోజుల తేడాతో తూచినప్పుడు బరువు తగ్గకపోతే ఎండినట్టు. జులై, ఆగస్టుల్లో పని మొదలుపెడితే వారం దాటినా లోపల చెమ్మ పోదు, బూజు పడుతుంది. గాలిలో తేమ నలభై శాతం ఉన్నప్పుడు కట్టె తనలో ఏడెనిమిది శాతం నీటినే నిలుపుకుంటుంది, గాలి తేమ ఎనభై శాతానికి పెరిగితే అదే కట్టె పదహారు శాతం దాకా పీల్చుకుంటుంది. అందువల్ల పిడకలను ఎండాకాలంలో చేసి వానాకాలానికి దాచుకున్నట్లే బ్రికెట్లనూ జనవరి నుంచి మే లోపల ఏడాదికి సరిపడా చేసి పెట్టుకోవాలి. వ్యవసాయ పనులు తక్కువగా ఉండే వేసవి రోజులు దీనికి కలిసొస్తాయి. దాచేచోట నేలకు తగలకూడదు. ఎర్రనేలల్లో చెదలు కాగితాన్ని ఇష్టంగా తింటాయి, కాబట్టి బండల మీద ఇటుకలు పేర్చి, ఆపైన సంచులు పెట్టి, గాలి ఆడేలా ఉంచాలి.

పొయ్యి గురించి కేంద్రం, వస్తువుల ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ సంస్థ పట్టించుకున్నంతగా ఇళ్లలో పట్టించుకోవడం లేదు. ఐఎస్ 13152 ప్రమాణం ప్రకారం ఘన ఇంధనపు పొయ్యి సహజమైన గాలితో మండేదైతే కనీసం 25 శాతం, ఫ్యాను ఉన్నదైతే కనీసం 35 శాతం వేడిని గిన్నెకు అందించాలి. అలాంటి పొయ్యి కొనలేకపోయినా రెండు మార్పులు ఇంట్లోనే చేసుకోవచ్చు. బ్రికెట్లు నేల మీద కాకుండా ఇనుప జాలీ మీద కూర్చోవాలి, అప్పుడు కింది నుంచి గాలి వెళ్తుంది, బూడిద రాలిపోతుంది. గిన్నె చుట్టూ వేలి మందం సందు వదిలి రేకు చుట్టాలి, అప్పుడు వేడి పక్కకు పోకుండా గిన్నె అంచులను రాసుకుంటూ పైకి వెళ్తుంది. నాలుగు బ్రికెట్లను రంధ్రాలు నిలువుగా ఉండేలా పేర్చి కింద కొబ్బరి పీచుతో ముట్టిస్తే ఐదారు నిమిషాల్లో మంట నిలబడుతుంది. తలుపు వేసిన బాత్రూములో, గాలి ఆడని వంటగదిలో ఇవి వెలిగించకూడదు, కనబడని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

మిర్యాలగూడ వైపు వారికి రంపపు పొట్టు కన్నా రైస్ మిల్లుల ఊక సులువుగా దొరుకుతుంది. కానీ ఊక స్ప్రింగులా ఉండి అచ్చులో పట్టు నిలవనివ్వదు, పైగా కాలాక ఐదో వంతు దాకా బూడిదగా మిగులుతుంది. పొట్టుతో కలిపి పదో వంతుకు మించకుండా వాడితేనే మంచిది. వనపర్తి, అచ్చంపేట, గద్వాల ప్రాంతాల వేరుశనగ పొట్టు అలా కాదు, దంచి నలగగొడితే రంపపు పొట్టుకు దాదాపు సమానమైన వేడినే ఇస్తుంది. పత్తి కట్టెలో వేడి ఉంది గాని చేతితో పొడి చేయడం అసాధ్యం. దాన్ని నరికే యంత్రం ఊరికి ఒకటి వస్తే, చేలలోనే తగలబెట్టడం తగ్గుతుంది, పత్తిని తినే గులాబీ రంగు పురుగు తరువాతి పంటకు మిగలడమూ తగ్గుతుంది.

ఇంట్లో నీళ్లు కాచుకోవడం తరువాత ఈ బ్రికెట్లకు తగిన మరో చోటు రంగుల అద్దకం. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నేత పనిలో పట్టు నూలు జిగురు పోగొట్టడానికి సబ్బు నీటిలో కాచాలి, రంగుల తొట్టెలకు వేడినీళ్లు కావాలి. గంటసేపు మధ్యస్థంగా మండి, కావాలంటే రెండు చేర్చుకోగల ఇంధనం ఆ పనికి సరిపోతుంది. ఇస్త్రీ పెట్టెకు మాత్రం పనికిరావు. అందులో మంటా పొగా లేని నిప్పు కావాలి, అది బొగ్గుతోనే వస్తుంది. జొన్నరొట్టెను నేరుగా నిప్పుల మీద పొంగించడం, మక్క కంకులు కాల్చడం కూడా కాగితం కలిసిన బ్రికెట్ల మీద చేయరాదు. అచ్చు సిరాలోని రసాయనాలు ఆహారంలోకి చేరతాయనే 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో తినుబండారాలను దినపత్రికల్లో చుట్టడాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిషేధించింది. అదే సిరా కాలిన నిప్పు మీద రొట్టె పెట్టడం అంతకన్నా మంచిది కాబోదు. ఆ కారణంగానే వీటి బూడిదతో వంటపాత్రలు తోమకూడదు, కూరగాయల మడుల్లోనూ చల్లకూడదు. పాత్రలు తోమడానికి బూడిద కావాలనుకునే ఇంట్లో ఉత్త కట్టెల బూడిదను వేరుగా తీసి పెట్టుకోవాలి.